మూత తీస్తే బుడగలు: పాత లారీలో కూలెంట్ ఎటు పోతోంది?

వ్యాఖ్యాత: నమస్కారం. వాహనాల మరమ్మతులపై శ్రోతల సందేహాలు తీర్చేందుకు డీజిల్ ఇంజన్ల పనిలో బాగా అనుభవమున్న మేస్త్రీ గారు మనతో ఉన్నారు. మిర్యాలగూడ నుంచి ఒక లారీ యజమాని లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. నాకు పాత ఆరు టైర్ల లారీ ఉంది. మిల్లుల నుంచి కాకినాడకు బియ్యం తోలుతుంటాం. కొంతకాలంగా కాకినాడ చేరేలోపు ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ రెండు మూడు లీటర్లు తగ్గిపోతోంది. రాత్రి బండి నిలిపిన చోట తెల్లారి చూస్తే చుక్క తడి కూడా ఉండదు. హోస్ పైపులు, క్లిప్పులు కొత్తవి వేయించాను. ఇప్పుడు షెడ్డులో ఇంజన్ పైభాగం, అదే హెడ్, దించాలంటున్నారు. దించమంటారా?

నిపుణుడు: ఇంకా వద్దండి. ముందు రెండు మూడు సంగతులు చెప్పండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయా? సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ గానీ, ఆయిల్ గేజీ మీద పాలు కలిసినట్టు తెల్లటి నురుగు గానీ కనిపించిందా?

శ్రోత: బుడగలు వస్తున్నాయండి. అది చూసే హెడ్ గాస్కెట్, అదే హెడ్ కింద సీలులా ఉండే పలక, పోయిందన్నారు. పొగ, నురుగు లేవు. పికప్ కూడా తగ్గలేదు.

నిపుణుడు: బుడగలు కనిపించగానే హెడ్ గాస్కెట్ మీద నేరం మోపడం మన షెడ్లలో అలవాటైపోయింది. గాలి బ్రేకులున్న లారీలో నీళ్లలోకి గాలి తోయగలిగేది మరొకటి ఉంది, అది బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెసర్. దానికి రెండు సన్నని నీళ్ల పైపులు వెళుతున్నాయేమో చూడండి. ఉంటే అది కూడా ఇంజన్ కూలెంట్‌తోనే చల్లబడుతుంది కనుక, దాని హెడ్ కింది గాస్కెట్ దెబ్బతిన్నప్పుడు కంప్రెసర్ గాలి కూలెంట్‌లోకి చొరబడి, ఆ ఒత్తిడికి రేడియేటర్ నీళ్లు ఓవర్‌ఫ్లో పైపు గుండా దారిలోనే బయటికి పోతాయి. నిలిపిన చోట తడి కనిపించకపోవడానికి అదే కారణం కావచ్చు.

శ్రోత: పైపులు ఉన్నాయండి. మరి రెండింటిలో ఏదో తేలేదెలా?

నిపుణుడు: ఖర్చు లేని పరీక్ష ఉంది. చల్లని ఇంజన్ మీద మూత తీసి, ఫ్యాను రెక్కలకు దూరంగా నిలబడి, ఒక మనిషిని ఎక్కించి స్టార్ట్ చేయించండి. ఎయిర్ ట్యాంకులు నిండుతున్నంతసేపూ బుడగలు వచ్చి, గాలి పూర్తిగా నిండి, ఎక్కువైన గాలిని వదిలే అన్‌లోడర్ వాల్వు బుస్సుమని వదిలాక అవి తగ్గిపోయి, బ్రేకు పదేపదే తొక్కి గాలి దించగానే మళ్లీ మొదలైతే తప్పు కంప్రెసర్‌దేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. గాలి నిండినా నిండకపోయినా బుడగలు ఒకే తీరుగా వస్తుంటే అప్పుడు ఇంజన్ హెడ్ మాట ఆలోచిద్దాం. ఎయిర్ ట్యాంకుల అడుగున నీరు వదిలే డ్రెయిన్ కుళాయిలు కూడా తెరవండి. కొద్దిపాటి నీటి చెమ్మ మామూలే, కూలెంట్ రంగు వస్తే మాత్రం అనుమానం బలపడినట్టే.

వ్యాఖ్యాత: ఈ పరీక్షలో ఏమీ తేలకపోతే?

నిపుణుడు: రేడియేటర్ మూత స్థానంలో ఒత్తిడి చూపే ముల్లున్న చేతి పంపు బిగించి, మూత మీద ముద్రించిన అంకె వరకే గాలి కొట్టి ఓ పావుగంట ఆగాలి. ముల్లు దిగుతూ, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర తడి కనిపిస్తే పంపు సీలు పోయినట్టు. వేడి ఇంజన్ మీద ఆ చుక్క ఆవిరైపోయి రంగు మరకే మిగులుతుంది కనుక మామూలుగా కంటపడదు. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగితే కారుతున్నది లోపలే. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి పొద్దున్నే ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ బోల్టును మెల్లగా వదులు చేస్తే, ఆయిల్ కంటే నీరు బరువు కాబట్టి ముందు నీరే వస్తుంది. అలా వస్తే ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్ లైనర్ల రబ్బరు ఓ-రింగులు గానీ హెడ్ గాస్కెట్ గానీ చూడాల్సిందే.

శ్రోత: అంతవరకు రేడియేటర్‌లో పసుపు వేయమని మా డ్రైవర్ అంటున్నాడండి.

నిపుణుడు: వేయించకండి. ఆ పసుపు రేడియేటర్ సన్నని గొట్టాలలో పేరుకుపోతే కూలెంట్ తిరగడం తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, అసలు లీకు మాత్రం అలాగే ఉంటుంది. బోరు నీళ్లు కూడా పోయవద్దు, సున్నం పట్టిస్తాయి. డిస్టిల్డ్ నీరు, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. వేడి మీద మూత మాత్రం తీయవద్దు.

శ్రోత: కంప్రెసర్‌దే అని తేలితే ఏం చేయించాలండి?

నిపుణుడు: దాని హెడ్ విప్పి, మట్టం సరిగా ఉందో పగుళ్లున్నాయో చూపించి, మట్టం సరిగా లేకపోతే చదును చేయించి కొత్త గాస్కెట్ వేయించండి. కూలెంట్ నింపాక మూత తీసి కొంతసేపు నడిపి, లోపల చిక్కిన గాలి పోయాక మళ్లీ కూలెంట్ నిండుగా పోయాలి.

శ్రోత: ఈ రాత్రి లోడు ఉందండి, వెళ్లిరావచ్చా?

నిపుణుడు: ముందు ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్ కుళాయిలు తెరిచి చూడండి. రంగు నీరు వస్తే లోడు ఎక్కించకండి, ఎందుకంటే ఆ నీరు బ్రేకు వాల్వుల దాకా వెళ్లి ఉండవచ్చు, వాటిని కూడా విప్పి శుభ్రం చేయించాకే బండి రోడ్డెక్కాలి.