డనిచ్: ముందు రేవు పోయింది, తర్వాత ఊరు

[దృశ్యం: ఖాళీ సముద్రపు ఒడ్డు. గులకరాళ్ల మీద అడుగుల చప్పుడు.]

ఈ ఊరి పేరు డనిచ్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మధ్యలో డబ్ల్యూ ఉంటుంది కానీ, పలికేటప్పుడు దాన్ని మింగేస్తారు. ఇంగ్లండ్ తూర్పు తీరాన, సఫోక్ కౌంటీలో ఉంది. ఒక పబ్, ఒక చర్చి, ఒక చిన్న మ్యూజియం. జనం 200 మంది కూడా ఉండరు.

ఇప్పుడు సముద్రం వైపు చూడండి. పాత ఊరు అక్కడుంది, నీళ్ల అడుగున.

[దృశ్యం: పాత లెక్కల పుస్తకం పేజీ.]

1086లో విలియం రాజు దేశమంతా భూముల లెక్క రాయించాడు. దాన్నే డూమ్స్‌డే బుక్ అంటారు. అందులో డనిచ్‌కి మూడు చర్చిలు ఉన్నాయి. రాజుగారికి కానుకగా వెళ్లే హెర్రింగ్ చేపలే 68,000. ఆ పక్కనే ఇంకో మాట కూడా రాశారు: రెండు కారుకేట్ల భూమి ఉండేది, ఒకటి సముద్రం తీసుకుపోయింది. కారుకేటు అంటే ఎనిమిది ఎద్దులతో ఏడాదిలో దున్నగలిగే నేల. అంటే ఊరు కళకళలాడుతున్న రోజుల్లోనే కోత మొదలైందన్నమాట.

[దృశ్యం: తీరం మ్యాప్. బాణం ఉత్తరం నుంచి దక్షిణానికి.]

ఇక్కడి ఒడ్డు గట్టు రాయి కాదు, ఇసుకా గులకరాళ్లే. అలలు అడుగున తొలిచేస్తే పైనున్నది కూలుతుంది. పడిందంతా అక్కడే ఉండదు. అలలు ఒడ్డుకి ఏటవాలుగా తగులుతాయి కాబట్టి, గులక మెల్లగా దక్షిణానికి జరుగుతూ పోతుంది. అలా జరిగి జరిగి రేవు ముందు పెద్ద దిబ్బ కట్టింది.

1286, 1287లో వచ్చిన తుఫాన్లు రేవుని సగం చంపాయి. 1328 తుఫాను రేవు మొగని పూర్తిగా మూసేసింది. అక్కడే సముద్రంలో కలిసే బ్లైత్ నది ఉత్తరాన వాల్బర్స్‌విక్ అనే ఊరి వైపు కొత్త దారి చూసుకుంది. ఓడలూ వ్యాపారమూ దాని వెంటే వెళ్లాయి.

ఒక్క రాత్రిలో ఊరు మునిగిపోయిందని చాలామంది చెబుతారు. నాకా కథ నచ్చదు. 1347లో ఒక్క తుఫానుకే 400 దాకా ఇళ్లు పోయిన మాట నిజమే. కానీ సంత జరిగే చోటికి సముద్రం చేరింది 1677లో! రేవు లేని ఊళ్లో గట్టు కాపాడుకోవడానికి డబ్బెక్కడిది? కాకినాడ దగ్గరి ఉప్పాడ వాళ్లకి ఈ కోత సంగతి ఇంకొకరు వివరించనక్కర్లేదు.

తమాషా ఏంటంటే, ఊరు పోయినా పదవులు పోలేదు. 1832 దాకా డనిచ్ నుంచి ఇద్దరు ఎంపీలు పార్లమెంటుకి వెళ్తూనే ఉన్నారు. చివర్లో ఓటర్లు పట్టుమని 40 మంది లేరు.

[దృశ్యం: గట్టు అంచున శిథిలమైన చర్చి, పాత ఫొటో.]

మునిగిన చర్చిల గంటలు నీళ్లలోంచి వినిపిస్తాయని ఇక్కడ ఒక నమ్మకం. ఆల్ సెయింట్స్ చర్చి 1904 నుంచి ముక్కలు ముక్కలుగా గట్టు మీంచి పడి, 1919కి దాని గోపురం కూడా పోయింది. నిలువునా నీళ్లలోకి దిగిందేమీ కాదు, ఇక గంట ఎక్కడ వేలాడుతుంది? నీళ్లు మరీ మురికి, డైవర్లకి ఏమీ కనిపించదు. అందుకే సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, అడుగునున్న శిథిలాలని మ్యాప్ చేశారు.

గ్రేఫ్రయర్స్ మఠం సన్యాసులు మాత్రం ముందే మేలుకున్నారు. 1290లోనే లోపలికి జరిగి కొత్తగా కట్టుకున్నారు, ఆ గోడలు ఇంకా నిలిచున్నాయి. ఆల్ సెయింట్స్‌లో కూలకుండా మిగిలిన ఒక ఊతగోడని కూడా విప్పి తెచ్చి, ఇప్పటి చర్చి ఆవరణలో నిలబెట్టారు.

[దృశ్యం: సమాధుల మధ్య ఆ ఒంటరి రాతి కట్టడం.]