ఓవెన్ గడియారంలో బొద్దింక

(ఫోన్-ఇన్ కార్యక్రమం, లిఖిత రూపం)

యాంకర్: వంటింటి మెషీన్లలో చేరే బొద్దింకల గురించి మాట్లాడుకుంటున్నాం. పెస్ట్ కంట్రోల్ నిపుణులు స్టూడియోలోనే ఉన్నారు. కరీంనగర్ నుంచి కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా మైక్రోవేవ్‌ల టైం కనవడే అద్దం ఉంటది గదా, దాని లోపల్నే బొద్దింక తిరుగుతుంది. బయట స్ప్రే కొడితే మూడు రోజులు కనవడయి, మల్ల వస్తయి. స్క్రూలు ఇప్పి లోపల కొట్టమంటరా?

నిపుణుడు: వద్దమ్మా, ఆ స్క్రూల జోలికి పోకండి. లోపల పెద్ద కెపాసిటర్ ఉంటుంది, దాదాపు 2,000 వోల్టుల మీద పనిచేస్తుంది. ప్లగ్ తీసేసినా అందులో కరెంటు నిలవ ఉండిపోవచ్చు. విప్పితే మెకానిక్కే విప్పాలి. స్ప్రే అయితే లోపలికి అస్సలు వద్దు. మందును తోసే గ్యాస్ మండే రకం, ఒక్క స్పార్క్ చాలు. సరే, ఆ బొద్దింక ఎంత ఉంటుంది?

కాలర్: చిన్నదే సార్, గోరంత. గోధుమ రంగు.

నిపుణుడు: తల వెనకాల రెండు నల్ల చారలుంటే అది జర్మన్ బొద్దింక. పేరుకే జర్మన్. 2024లో వచ్చిన జన్యు పరిశోధన దాని పుట్టిల్లు ఇండియా, మయన్మార్ వైపేనని తేల్చింది. బాత్‌రూమ్ తూములోంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింక వేరు. ఈ చిన్నదానికి వెచ్చదనం, ఒంటికి రెండు పక్కలా తగిలేంత ఇరుకు కావాలి. మీ ఓవెన్ గడియారం రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది కదా, ఆ బోర్డు దగ్గర ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. పిల్లకైతే రూపాయి బిళ్ల దూరేంత సందు చాలు.

కాలర్: మరి ఓవెన్ ఆన్ చేస్తే సావయా?

నిపుణుడు: అందరికీ వచ్చే అనుమానమే. తరంగాలు అన్నం వేడిచేసే గదిలోనే తిరుగుతాయి. ఇవి ఉండేది ఆ గదికీ బయటి రేకుకీ మధ్యన. ఏమీ కావు.

చేయాల్సింది ఇది. ముందు స్ప్రే ఆపేయండి. ఓవెన్ చుట్టూ, కింద సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం గానీ, ఫిప్రోనిల్ 0.05 శాతం గానీ ఉన్న జెల్ ట్యూబు, అంటే బొద్దింకలు తినే మందు ఎర, తెచ్చుకోండి. కందిబద్దంత చుక్కలు, ఎనిమిది పది చాలు. అట్టముక్కల మీద పెట్టి ఓవెన్ కాళ్ల దగ్గర, గోడ వైపు, పక్కనున్న అల్మారా బందుల దగ్గర ఉంచండి. వేడిగాలి వచ్చే రంధ్రాల ముందు వద్దు, జెల్ ఎండిపోతే ముట్టవు. రాత్రి ప్లగ్ తీసేయండి. లోపల చల్లబడుతుంది, అవి బయటికొస్తాయి.

యాంకర్: చుక్కలకు బదులు ఒక పెద్ద ముద్ద పెడితే?

నిపుణుడు: అది ఒక్కచోటే ఉండిపోతుందండీ. ఇవి గూటికి దూరం పోవు, అందుకే ఎక్కువ చోట్ల కొంచెం కొంచెం. తిన్నది వెంటనే చావదు, గూటికెళ్లి చస్తుంది. దాని రెట్టను, శవాన్ని మిగతావి తింటాయి, వాటికీ మందు అందుతుంది. స్ప్రే కొడితే ఈ గొలుసు తెగిపోతుంది. ఆడది గుడ్ల సంచిని తోకకే అంటించుకుని తిరుగుతుంది, అందులో 30, 40 పిల్లలుంటాయి. అందుకే రెండో వారం ఒకసారి, నాలుగో వారం మరోసారి కొత్త చుక్కలు పెట్టాలి.

యాంకర్: రాజమండ్రి నుంచి.

కాలర్: నమస్కారమండి. ఫ్రిజ్ డోర్ రబ్బరు మడతల్లో మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలండి. తుడిచినా మళ్లీ వస్తన్నాయండి.

నిపుణుడు: అది వాటి రెట్టండి. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లు వాడితే పోతుంది. కానీ అసలు స్థావరం వెనకాల. కంప్రెసర్ పైన నీళ్ల ట్రే ఉంటుంది, ఫ్రిజ్‌లో కరిగిన మంచు నీళ్లు అందులోకే దిగుతాయి. బొద్దింకలకు తిండి లేకపోయినా వారాలు గడుస్తాయి గానీ నీళ్లు లేకపోతే రెండు వారాలు కష్టం. నీళ్లూ, కంప్రెసర్ వేడీ ఒకేచోట! స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్రిజ్ ముందుకు లాగండి. ట్రే ఊడే రకమైతే తీసి కడగండి, లేకపోతే గుడ్డతో నీళ్లు పీల్చేయండి. జెల్ కంప్రెసర్ ఒంటి మీద కాకుండా కింద రేకు మూలల్లో పెట్టండి. నెలకోసారి ట్రే చూసుకోండి.

యాంకర్: హైదరాబాద్ కాలర్, కొంచెం త్వరగా.

కాలర్: సార్, మిక్సీ కింద నుంచి పిల్లలు రాలుతున్నాయి. జెల్ ట్యూబు మొత్తం పెట్టాను, పనిచేయలేదు.

నిపుణుడు: జెల్ పెట్టాక ప్లాట్‌ఫామ్ ఫినాయిల్‌తో తుడిచారా? బొద్దింకల చాక్‌పీస్ గీశారా?

కాలర్: రెండూ చేశానండీ.

నిపుణుడు: అదే. ఆ వాసనకూ గీతకూ అవి జెల్ దగ్గరికే రావు. రాత్రి సింకులో అంట్లు, మూత లేని చెత్తబుట్ట ఉంటే కూడా జెల్‌కు గిరాకీ ఉండదు. ఇవన్నీ సరిచేశాక కూడా తినకపోతే వేరే మందున్న జెల్‌కు మారండి. కొన్ని బొద్దింకలకు గ్లూకోజ్ తీపి పడదు, తీపి ఎరను వదిలేస్తాయి. అపార్ట్‌మెంట్ కాబట్టి సింకు కింద పైపు గోడలోకి వెళ్లే సందు సిమెంటుతో మూసేయండి, పక్క ఫ్లాట్ నుంచి దారి అదే.

మిక్సీకి వేరే పద్ధతి. ప్లగ్ తీసి, మందపాటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, అట్టముక్క మీద నాలుగు చుక్కల జెల్ వేసి, గాలి చొరకుండా ముడి వేయండి. నెల రోజులు.

కాలర్: నెలా! మరి పచ్చడి?

నిపుణుడు: నెల రోజులు రోలు దించండి. సంచిలోని గుడ్లు పిల్లలై, ఆ పిల్లలు కూడా తిని చావాలి కదా. తర్వాత ఆ కవర్ ముడి వంటింట్లో విప్పకండి, టెర్రస్ మీద విప్పండి. మిక్సీని తిరగేసి, కింద గాలి రంధ్రాలను పొడి బ్రష్‌తో దులిపాకే లోపలికి తెచ్చుకోండి.