మూడేళ్ల చేతికి పలక వద్దు
(పోషణ మాసం సందర్భంగా హనుమకొండలో అంగన్‌వాడీ టీచర్లు, సర్పంచులు, తల్లుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులకు, పొద్దుగాల బస్సెక్కి ఏటూరునాగారం, గూడూరు, పరకాల నుంచి వచ్చిన టీచరమ్మలకు, ఆయమ్మలకు నమస్కారం. శాలువాలకే అరగంట పోయింది, కాబట్టి ఆ ముచ్చట ఇక్కడితో ఆపుదాం. చెయ్యి, మాట, తిండి అని మూడు సంగతులు చెప్పాలనుకుని వచ్చాను. మొదటిదే సమయమంతా తినేసేటట్టుంది, ముందే చెప్తున్నా.

జూన్‌లో పిల్లల్ని బళ్లో చేర్పించే బడిబాట మొదలుకాగానే ప్రతి ఊళ్లో ఒకటే లొల్లి. "మీ అంగన్‌వాడీల ఏం నేర్పుతరు? పక్కింటి పిల్ల నర్సరీల ఏబీసీడీలు రాస్తాంది." టీచరమ్మ ఏం చేస్తది? పిల్లలు ప్రైవేటుకు పోతే సెంటర్ ఖాళీ అవుతుందని భయపడి తనూ పలకలు పంచుతది. మూడేళ్ల పిల్లాడి వేళ్లు పట్టుకుని అ దిద్దిస్తది. తల్లి సంబురపడుతది. నష్టమంతా పిల్లాడికే.

ఎందుకో చెప్తాను. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. మూడేళ్లకు మూడో నాలుగో మాత్రమే ఎముకగా మారడం మొదలవుతుంది. మిగతావి ఆరేళ్లలోపు ఒక్కొక్కటిగా వస్తాయి. ఎనిమిదోది ఎనిమిదేళ్లు దాటాకే. ఇంకా కాల్చని కుండలో నీళ్లు పోయమంటున్నాం మనం. ఎముకలు ఒక్కటే కాదు, బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టే బలం రాలేదు, కన్ను చూసినదాన్ని చెయ్యి గీయడం రాలేదు. చూసి గీయడానికి ఒక వరుస ఉంది: నిలువు గీత రెండు, మూడేళ్ల మధ్య, సున్నా మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగుకు, చతురస్రం నాలుగున్నర ప్రాంతంలో, త్రిభుజం అయిదుకు. కాస్త ముందో వెనకో అందరు పిల్లలూ ఈ వరుసలోనే పోతారు. ఇప్పుడు మన అ తలుచుకోండి. చుట్టాలి, లోపలికి మెలిక తిప్పాలి, మళ్లీ పైకి లేపాలి. సున్నా కూడా సరిగ్గా కలపలేని చేతికి ఆ మెలికలెక్కడివి?

తప్పు ఎట్లా బయటపడుతుందో చూడండి. పిల్ల బలపాన్ని పిడికిలితో పడుతుంది, పలక మీద ఒరిగి రాస్తుంది, భుజం బిగబడుతుంది. ఆ పట్టు అలవాటైతే రెండో తరగతిలో ఒక పేజీ రాసేసరికి చెయ్యి నొప్పి అంటుంది. "బద్ధకం" అని మనం పేరు పెడతాం. అది బద్ధకం కాదమ్మా, మనం పెట్టిన అలవాటు!

మరి పలక బదులు ఏం పెట్టాలి? మట్టి. మన ఓరుగల్లు గడ్డ మీద చెరువులకు కరువు లేదు. చెరువు ఒండ్రుమట్టి తెచ్చి ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టండి. గాజుపెంకులు, ముళ్లు పోతాయి. ఉత్త నల్లరేగడి పనికిరాదు, ఎండగానే పగుళ్లిస్తుంది. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు సన్న ఇసుక కలపండి. పిసికితే చేతికి అంటకుండా, వంచితే విరగకుండా ఉండాలి. తడిగుడ్డ చుట్టి బకెట్‌లో మూత పెడితే వారం పాటు పనికొస్తుంది. వానకాలం మట్టి దొరకకుంటే రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక చెంచా నూనె, చిటికెడు పసుపు, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయండి. నీళ్లు ఒక్కసారే పోస్తే జిగటవుతుంది. ఉప్పు తగ్గిస్తే మూడో రోజుకు బూజు పడుతుంది. ఉప్పెక్కువ కాబట్టి నోట్లో పెట్టుకోనియ్యొద్దు, ఆయమ్మ దగ్గరే ఉండాలి.

ఉండలు చేయడం, పాముల్లా పొడుగ్గా రుద్దడం, పాత పేపర్ చింపడం, బట్టల క్లిప్పులు తాడుకు పెట్టడం, చెంచాతో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మక్కలు మార్చడం. వీటిలో ఏదీ కొనాల్సింది కాదు. ఇదే రాత పని. అయిదేళ్లు దాటాక ఇసుకలో వేలితో, నేల మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద గీతలు గీయించి, ఆ తర్వాతే పలక.

ఒక జాగ్రత్త. మూడున్నర సెంటీమీటర్ల కంటే చిన్న వస్తువు ఏదీ మూడేళ్లలోపు పిల్లకు అందకూడదు. చింతగింజ, పల్లి, శనగ గొంతులో అడ్డం పడితే పీహెచ్‌సీకి చేరే టైమ్ కూడా ఉండదు. పెద్దపిల్లల గింజల డబ్బా పైన అరలో ఉండాలి, పని కాగానే లెక్కపెట్టి మూత పెట్టాలి.

సర్పంచ్ గార్లు ఇటు చూడండి. మీరు సీసీ రోడ్ల గురించి మాట్లాడుకుంటున్నారు, వినబడుతోంది. సెంటర్ ముందర రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అడుగు లోతు గుంత తీసి, అడుగున ఇటుకముక్కలు పరిచి, పైన వాగు ఇసుక పోయించండి. సగం ట్రాక్టర్ కూడా పట్టదు. రాత్రిపూట తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, కప్పాలి, లేకుంటే తెల్లారేసరికి కుక్కలు, పిల్లులు పాడుచేస్తాయి. తాటిపత్రి లేదని గుంతే మూసేసిన ఊళ్లున్నాయి. తాటిపత్రి కొనండి!

రెండోది మాట. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం పెట్టినప్పుడే తిండితో పాటు బడికి ముందటి చదువూ అందులో ఉంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. అంటే ఆరేళ్లకు మొదలయ్యేది చదువు కాదు, అది అప్పటికే సగం దూరం నడిచిన చదువు. అయితే ఏ భాషలో? మహబూబాబాద్ తండాల్లో ఇంట్లో లంబాడీ, ములుగు గూడేల్లో కోయ, ఉట్నూరు దిక్కు గోండి, కొలామి. మూడేళ్ల పిల్ల సెంటర్‌కొచ్చి ఏడుస్తుంటే టీచరమ్మ తెలుగులో సముదాయిస్తది. పిల్లకు ఒక్క ముక్క అర్థం కాదు. టీచరమ్మ ముందు ఒక యాభై మాటలు నేర్చుకోవాలి: లంబాడీలో యాడి అంటే అమ్మ, బాటి అంటే రొట్టె, పాణి అంటే నీళ్లు, అట్లాంటివి. ఆకలి, నొప్పి, నిద్ర, దొడ్డికి, భయం, ఇవి పిల్ల భాషలో వినబడాలి. కథ మొదట వాళ్ల భాషలో, తండాలోని ఒక అవ్వతో చెప్పించాలి. ఆనక అదే కథ తెలుగులో. కథ తెలిసిందే కాబట్టి తెలుగు దానంతటదే ఎక్కుతుంది.

పెద్దపల్లి ఇటుకబట్టీల దగ్గర ఒడిశా పిల్లలుంటారు. చలికాలం వచ్చి ఎండకాలం పోతారు. "మన ఊరోళ్లు కాదు కదా" అని రిజిస్టర్‌లో ఎక్కించని చోట్లున్నాయి. అంగన్‌వాడీకి ఓటరు లిస్టుతో ఏం పని?

వచ్చేది బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి, కట్ల రాసులు ముందరేసి రంగులవారీగా వేరు చేయమనండి. ఒక వరస పసుపు, ఒక వరస తెలుపు పేర్పించండి. లెక్కల మొదటి పాఠం అదే. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టడంలో లయ ఉంది, వరుస ఉంది, పక్కవాళ్లతో కలిసి అడుగేయడం ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మూడేళ్ల పిల్ల ఒక పని మీద పది, పదిహేను నిమిషాల కంటే నిలవదు. గంటసేపు కూర్చోబెడితే అల్లరి చేస్తుంది. అది అల్లరి అని రాయకండి, టైమ్‌టేబుల్ తప్పు అని రాయండి.

మళ్లీ చెప్తున్నా, పలక వద్దు.

మూడోది తిండి. తొందరగా చెప్పేస్తా, ముగించమని చిట్టీ వచ్చింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లకు సెంటర్‌లో పెట్టే పొద్దుటి చిరుతిండి, వండిన పూట రెండూ కలిపి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ ఉండాలని 2013లో ఆహార భద్రత చట్టం చేసినప్పుడే రాశారు. మూడేళ్లలోపు పిల్లకు ఇంటికిచ్చే బాలామృతం పొడి రెండున్నర కిలోల ప్యాకెట్, అంటే రోజుకు వంద గ్రాముల చొప్పున ఇరవై అయిదు రోజులు. ఇంట్లో ముగ్గురు పంచుకుంటే పది రోజులు రాదు. అక్కకు, అన్నకు అది బంద్ చేయాలంటే వాళ్లకు గట్కో, పప్పన్నమో వండిపెట్టాలి, ఉత్త తిడితే ఆగదు. ఇంకో తప్పు, జావలా పల్చగా కలపడం. పిల్ల కడుపు చిన్నది, నీళ్లతోనే నిండుతుంది. చెంచా వంచితే జారిపోకుండా, ముద్దగా నిలవాలి. ఒక్కసారి కాదు, రోజులో నాలుగైదు సార్లు.

పత్తి తీసే నెలల్లో తల్లులు పొద్దు పొడవకముందే చేనుకు పోతారు. పసిది పదేళ్ల అక్క చంకలో ఉంటుంది, అక్క బడి ఆగిపోతుంది. అక్టోబర్ నుంచి జనవరి దాకా నెలల వారీగా బరువులు తీసి చూడండి, గ్రాఫ్ గీత ఎక్కడ పడిపోతుందో మీకే కనబడుతుంది. తూకం వేసేటప్పుడు ముందు ముల్లు సున్నా మీద ఉందా చూడాలి, స్వెటర్ విప్పాలి. రెండేళ్లలోపు పిల్ల పొడవు పడుకోబెట్టే కొలవాలి, నిలబెడితే తక్కువ వస్తుంది. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే మరుసటి నెల దాకా ఆగొద్దు, ఆ రోజే ఏఎన్ఎం నర్సమ్మకు చూపించాలి.

తల్లులారా, చివరికి మీతోనే పని. నెలకోసారి సెంటర్‌లో మీటింగ్ అయితే "ఏం రాసిండు?" అని అడగకండి. "ఎవరితో ఆడిండు? కొత్త కథ ఏం చెప్పిండు? గుండీ తనే పెట్టుకుంటున్నడా? మా పిల్లకు కోపమొస్తే ఏం చేస్తున్నరు?" అని అడగండి. టీచరమ్మ జవాబు చెప్పలేకపోతే నిలదీయండి. టీచరమ్మా, మీరు కూడా ఆ రోజు పలకలు గోడకు పేర్చి చూపించకండి. పిల్లలు చేసిన మట్టి బొమ్మలు, చింపి అతికించిన కాగితాలు వాళ్ల పేర్లతో పెట్టండి. ఎవరిది ఎవరిదో పిల్లలే చెప్తారు.

గుంత కొలతలు రాసుకోని సర్పంచ్ గార్లు కింద నన్ను కలవండి. బాలామృతం కలిపి చూపించడానికి సూపర్‌వైజరమ్మ పొయ్యి దగ్గర ఉన్నారు, వేడినీళ్లు చల్లారిపోకముందే వెళ్లండి. సెలవు.