మెకంజీ పేరులో ఆ జకారం ఎక్కడిది? స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్ రివ్యూ

నమస్కారం. కైఫియత్తుల గురించి చదివినవారికి కాలిన్ మెకంజీని పరిచయం చేయనక్కర లేదు. కావలి బొర్రయ్య సోదరులను తోడు పెట్టుకుని ఊళ్ల చరిత్రలు రాయించిన ఆ దొర స్కాట్లాండ్‌లో, లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. మనం నోరారా పలికే ఆ పేరులోని జకారం అసలు జకారమే కాదు.

స్కాట్లాండ్ జనం మాట్లాడే స్కాట్స్ భాష పాత రాతలో యోఖ్ అనే అక్షరం ఉండేది. చూడటానికి తోక ఉన్న 3 అంకెలా ఉంటుంది, పలుకు మన యకారానికి దగ్గర. అచ్చు వచ్చాక ముద్రాపకుల దగ్గర ఆ అక్షరం లేకపోయింది. రూపం కలిసిందని జెడ్ పెట్టేశారు. మెకంజీకి జకారం అలా అంటుకుంది. మెంజీస్ అని రాసి ఉన్న ఇంటిపేరును ఇప్పటికీ మింగిస్ అని పలికేవారున్నారు. డాల్‌జీల్ అని రాసి డీయెల్ అంటారు!

ఇలాంటి పేర్లున్న దేశంలో తాతముత్తాతలను ఎలా వెతకాలి? అందుకే ఈ రోజు స్కాట్లాండ్స్‌పీపుల్. ఇది స్కాట్లాండ్ జాతీయ రికార్డుల సంస్థ నడిపే వెబ్‌సైట్. చర్చి రిజిస్టర్లలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ అనే ఊరిది, 1553 నాటిది. సూచికలో వెతకడం ఉచితం. అసలు పేజీ చిత్రం చూడాలంటే క్రెడిట్లు కొనుక్కోవాలి.

వెతికే పెట్టె దగ్గరే మన పరీక్ష. పేరు రాసి వెంటనే వెతకకండి. సౌండెక్స్ అనే పద్ధతి ఉంది, అది ఎంచుకోండి. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులను, వాటితో పాటు హెచ్, డబ్ల్యూ, వైలను వదిలేసి, తక్కిన హల్లులకు అంకెలు వేస్తుంది. మెంజీస్‌కు ఎం522 వస్తుంది. మింగిస్‌కూ ఎం522 వస్తుంది. భేష్. ఇప్పుడు డాల్‌జీల్ చూద్దాం: డి424. అదే పేరును జెడ్ బదులు వై పెట్టి డాల్యెల్ అని రాస్తే డి440. రెండూ ఒకే ఇంటిపేరు, కానీ సౌండెక్స్ లెక్కలో సంబంధం లేనివి. జెడ్‌కు అంకె ఉంది, వై‌కి లేదు, అంతే సంగతి. యంత్రానికి యోఖ్ కథ ఎవరు చెప్పారు గనుక!

అందుకని నేను గుర్తుల పద్ధతినే ఎక్కువ నమ్ముతాను. ప్రశ్నార్థకం ఒక అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా. రాయలసీమ మరచిపోని థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. ఆ ఇంటిపేరును ఎం తర్వాత యు పెట్టి రాసినవారున్నారు, ఓ పెట్టి రాసినవారున్నారు, చివర ఇ తగిలించినవారున్నారు. రెండో అక్షరం చోట ప్రశ్నార్థకం, చివర నక్షత్రం పెడితే అన్నీ ఒకే వలలో పడతాయి. చర్చి గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకున్నాడు, పాపం. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు కె‌ఎస్‌హెచ్‌తో, ఒకరు ఎక్స్‌తో రాసే మనం ఆయనను తప్పుపట్టలేం.

పెళ్లయిన స్త్రీలను వెతకడం ఇక్కడ ఎంతో నయం. స్కాట్లాండ్ రికార్డులు పుట్టింటి పేరును చెరిపేయవు, మరణ నమోదులో రెండు పేర్లూ ఉంటాయి.

క్రెడిట్లు ఎక్కడ ఖర్చు పెట్టాలంటారా? మీ వంశంలో 1855లో నమోదైన జననం ఒక్కటి దొరికినా ముందు దాన్ని కొనండి. ప్రభుత్వ నమోదు ఆ ఏడాది జనవరి 1న మొదలైంది. తొలి ఉత్సాహంలో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, పెళ్లి ఎప్పుడు ఎక్కడ జరిగిందో, అంతకు ముందు పుట్టిన పిల్లల్లో ఎందరు బతికున్నారో, ఎందరు పోయారో కూడా రాయించారు. రాసేవారి చేతులు పడిపోయాయేమో, 1856లో చాలా వివరాలు తీసేశారు.

ఏ గుర్తుకూ చిక్కని పేరు మెక్‌గ్రెగర్. 1603లో ఆరవ జేమ్స్ రాజు ఆ పేరు పెట్టుకోవడాన్నే నిషేధించాడు. మధ్యలో కొన్నాళ్లు ఎత్తేసి, 1693లో మళ్లీ పెట్టి, చివరికి 1774లో పూర్తిగా రద్దు చేశారు. ఆ కాలంలో వాళ్లు క్యాంప్‌బెల్, ముర్రే, డ్రమ్మండ్, గ్రాంట్ అయిపోయారు. ఆ వంశపువాడే అయిన రాబ్ రాయ్ కూడా తల్లి ఇంటిపేరు క్యాంప్‌బెల్ వాడుకున్నాడు. మెక్‌గ్రెగర్‌కూ క్యాంప్‌బెల్‌కూ మధ్య ఏ సౌండెక్స్ వంతెన కడుతుంది? అక్కడ ఊరు, పిల్లల పేర్లు, జ్ఞానస్నానానికి సాక్షులుగా నిలిచినవారు, ఇవి చూసి పేజీ పేజీ తిప్పాల్సిందే. పెద్ద కొడుక్కు తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కు తల్లి తండ్రి పేరు పెట్టే అలవాటు అక్కడ బాగా సాయపడుతుంది.

మన దేశానికి వచ్చి ఇక్కడే పోయిన స్కాట్‌ల మరణాలను మాత్రం వాళ్ల సొంతూరి చర్చి పుస్తకాల్లో వెతక్కండి. మెకంజీ 1821లో బెంగాల్లో పోయాడు. అలాంటివారి కోసం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డుల్లోకి వెళ్లాలి. అక్కడా మెకంజీని జెడ్‌తో ఒకసారి, ఎస్‌తో ఒకసారి, మధ్యలో ఎ లేకుండా ఇంకోసారి వెతకండి.