ఎపిసోడ్ 47: రెండెకరాలు, రెండొందల గంటలు

అక్క: అందరికీ నమస్కారం. అక్కా తమ్ముడూ మళ్ళీ వచ్చాం. పోయినసారి కరెంటు పోయి సగంలోనే ఆగిపోయింది, ఏమీ అనుకోకండి.

తమ్ముడు: పోయినసారి సగంలో ఆగిన గొడుగు కథ తర్వాత ఏమైందని చాలామంది రాశారక్కా.

అక్క: ఇవాళ గొడుగు మాటే లేదు. ఉత్తరం చదువు.

తమ్ముడు: సరే. నల్గొండ జిల్లా నుంచి ఒకాయన రాశారు, పేరు చెప్పొద్దన్నారు. "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పైలట్ అవుతానంటోంది. మాకున్నది రెండెకరాలు, ఒక బోరు. అమ్మాల్సి వస్తే అమ్ముతాను. మా ఇంట్లో ఆవిడ వద్దంటోంది. ఎయిర్‌ఫోర్స్‌లో చేరితే ట్రైనింగ్ ఫ్రీ అని ఇక్కడ ఒకరు చెప్పారు. మీరేమంటారు?"

అక్క: "అమ్మాల్సి వస్తే అమ్ముతాను" అన్న చోట నాకు గొంతు పట్టేసింది. బ్యాంకులో ఈ మాట రోజూ వింటాను, అయినా అలవాటు కాదు. ఇవాళ తక్కువ డబ్బుతో పైలట్ కావడానికి ఉన్న దారులన్నీ చెబుదామనుకున్నాం. లోన్లు, స్కాలర్‌షిప్‌లు, మిలిటరీ, అన్నీ. వాటన్నిటికంటే ముందు ఒక మాట.

తమ్ముడు: మెడికల్.

అక్క: మెడికలే! రూపాయి కట్టకముందు మెడికల్. నేను లోన్ సెక్షన్‌లో చేరిన కొత్తలో ఒక అబ్బాయి ఫైల్ వచ్చింది. ఫ్లయింగ్ స్కూల్‌కి మొదటి వాయిదా ఇంట్లో బంగారం కుదువపెట్టి కట్టేశారు. మిగతాదానికి మా దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత వెళ్ళాడు మెడికల్‌కి. చుక్కల బొమ్మల పుస్తకం ఉంటుంది చూడు, రంగురంగుల చుక్కల మధ్య అంకె కనిపించాలి. అందరికీ 74 కనిపించే పేజీలో వాడికి 21 కనిపించింది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్ళకి అలాగే కనిపిస్తుందట. వాడికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. తర్వాత పెట్టిన పరీక్షల్లోనూ గట్టెక్కలేదు. స్కూలు వాళ్ళు డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వాళ్ళ నాన్న వచ్చి నా టేబుల్ ముందు కూర్చుని, "మేడమ్, 74కీ 21కీ మధ్య మా ఇంటిది బంగారమంతా పోయింది" అన్నాడు.

తమ్ముడు: ఇది నువ్వెప్పుడూ చెప్పలేదు.

అక్క: చెప్పబుద్ధి కాలేదు. అందుకే అందరినీ విసిగిస్తుంటాను. డీజీసీఏ, అంటే పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్. కళ్ళద్దాలున్నా ఫర్వాలేదు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే సివిల్‌లో ఒప్పుకుంటారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఫ్లయింగ్‌కి అంత వెసులుబాటు ఉండదు. ఏదైనా సరే, ముందు తెలుసుకోవాలి.

తమ్ముడు: ఇక డబ్బు లెక్క చెప్పు, నీ సబ్జెక్టే.

అక్క: కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. అన్నీ కలిపి 50 లక్షలు అనుకుందాం. చోటుని బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే గంటకి 25 వేలు. ఆ పైన ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే శిక్షణ, అదింకో 15, 20 లక్షలు. 50 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 69 వేలు. శిక్షణ జరిగే రెండేళ్ళ వడ్డీ ఇందులో లేదు. ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియదు. వానాకాలంలో నెలల తరబడి గంటలు సాగవు, విమానం రిపేరుకి వెళ్తే సాగవు. హాస్టల్ అద్దె మాత్రం ఆగదు.

తమ్ముడు: పూచీకత్తు?

అక్క: మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి అడుగుతారు. పొలం మీద ఇంత పెద్ద అప్పు పుట్టడం కష్టం. ఇల్లో ప్లాటో ఉన్నవాళ్ళకి దారి సులువు. ఉన్నవాడికే అప్పు, అంతే. ఎస్సీ, ఎస్టీ పిల్లలైతే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ గైడ్‌లైన్స్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోర్సు పేరుంది, తప్పకుండా అడగండి. అమేఠీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది, ఇగ్రూవా. ఎంట్రన్స్ రాయాలి. అక్కడా ఫీజు లక్షల్లోనే. ఇంకొకటి, నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ లాంటి డీజీసీఏ పరీక్షలు ఇంట్లో చదువుకుని ముందే రాసేయొచ్చు. అవి పాసయ్యాక ఫ్లయింగ్‌లో చేరితే హాస్టల్ ఖర్చు చాలా కలిసొస్తుంది. మొత్తం ఫీజు ఒకేసారి ఎవరడిగినా కట్టొద్దు. ఎగిరిన గంటలకి ఎగిరినట్టు కట్టండి.

తమ్ముడు: ఇప్పుడు నాకు అడ్డంపడిన మాట చెప్తాను. "ట్రైనింగ్ ఫ్రీ."

అక్క: ఫ్రీయే కదరా. ఎన్‌డీఏలో, అంటే ఇంటర్ తర్వాత చేరే సైనిక అకాడమీలో, చదువు, తిండి, బట్ట అన్నీ ప్రభుత్వానివే. ఆ తర్వాత మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఫ్లయింగ్ నేర్పే ఏడాది నెలకి 56,100 స్టైపెండ్ కూడా. బయట గంటకి 25 వేలు కట్టాల్సిన పిల్లకి ఎదురు డబ్బులిచ్చి నేర్పుతారు. అప్లికేషన్ ఫీజు 100 రూపాయలు, అమ్మాయిలకైతే అదీ లేదు. ఇంకేం కావాలి?

తమ్ముడు: అది ఫ్రీ కాదక్కా. అక్కడ నేర్పేది విమానం ఒక్కటే కాదు. అవసరమైతే ప్రాణం ఇస్తానని సంతకం పెట్టాలి. దాన్ని తీసుకొచ్చి కోచింగ్ సెంటర్ పాంప్లెట్‌లో "ఉచిత పైలట్ శిక్షణ" అని వేస్తుంటే నాకు మండుతుంది.

అక్క: నీకు మండితే ఆ పిల్లకి వచ్చేదేమీ లేదు. దారి కావాలి.

తమ్ముడు: దారే చెబుతున్నా. ఎయిర్‌ఫోర్స్‌లో నేర్చుకుని నాలుగేళ్ళలో బయటికొచ్చి ఎయిర్‌లైన్‌లో చేరిపోదాం అనుకుంటే కుదరదు. ఎన్‌డీఏ నుంచి వెళ్తే పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఆఫీసర్ ఉద్యోగం, మనకి కావాలనుకున్న రోజు వదిలిపెట్టరు. డిగ్రీ తర్వాత ఆఫ్‌క్యాట్, అంటే ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల పరీక్ష, రాసి షార్ట్ సర్వీస్‌లో వెళ్తే 14 ఏళ్ళు. అంటే బయటికొచ్చేసరికి ముప్పై అయిదు దాటుతుంది. ట్రైనింగ్ మధ్యలో సొంత కారణాలతో మానేస్తే అయిన ఖర్చు ఇంటివాళ్ళే కట్టాలి, ముందే బాండ్ రాయించుకుంటారు. ఫ్లయింగ్‌లో నిలబడకపోతే గ్రౌండ్ డ్యూటీకి మార్చొచ్చు. ఆఫీసర్‌గా ఉండటం ఇష్టమైనవాళ్ళు అప్పుడూ తట్టుకుంటారు. లైసెన్స్ కోసమే వెళ్ళినవాళ్ళు విరిగిపోతారు.

అక్క: ఆగు. ఒకటడుగుతా. యాభై లక్షలు కట్టి ఫ్లయింగ్ స్కూల్‌లో చేరే పిల్లాణ్ణి "నీకు ప్రయాణికుల మీద ప్రేమ ఉందా?" అని ఎవరైనా అడుగుతారా? చెక్కు చూస్తారు, చేర్చుకుంటారు. పేదింటి పిల్ల ఎయిర్‌ఫోర్స్ అనగానే "నీకు దేశం ముఖ్యమా, జీతం ముఖ్యమా?" అని నిలదీస్తారు. ఆ ప్రశ్న డబ్బు లేనివాళ్ళకేనా?

తమ్ముడు: నేను డబ్బు గురించి అనలేదు.

అక్క: డబ్బు గురించే. పాతబస్తీలో బేకరీలో పనిచేసే ఆయన కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయింది. అమ్ముకోవడానికి భూమి లేదు. ముందు దాతలు ఆదుకున్నారు, తర్వాత తెలంగాణ ప్రభుత్వం సాయం చేసింది. నాకెంత సంతోషమో! కానీ ఆ సాయం ఎవరో పేపర్లో చూసి ముందుకొస్తేనే దొరకాలా? నల్గొండ పిల్ల గురించి పేపర్లో ఎవరు రాస్తారు? ఇలాంటి పిల్లలకి పేరూ ఊరూ చూడకుండా తలుపు తీసి ఉండేది ఆ ఒక్క యూనిఫామే. అలాంటిది ఎందుకొస్తున్నావని గుమ్మంలో నిలబెడితే ఎలా?

తమ్ముడు: గుమ్మంలో నిలబెట్టేది నేను కాదక్కా, వాళ్ళే. ఎస్‌ఎస్‌బీలో, అంటే రాతపరీక్ష తర్వాత జరిగే ఇంటర్వ్యూలో, అయిదు రోజులు చూసేది అదే. రాతపరీక్షకి 900 మార్కులైతే ఇంటర్వ్యూకీ 900. విమానం తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్ళు అక్కడే తెలిసిపోతారు. గ్రూప్ టాస్క్‌లో తాడు పట్టుకుని పక్కవాడి కోసం ఆగావా, వదిలేసి దూకావా అన్నది చూస్తారు.

అక్క: అయితే మంచిదే కదా. వాళ్ళే చూసుకుంటారు. మనం ముందే భయపెట్టడం దేనికి?

తమ్ముడు: భయపెట్టట్లేదు.

అక్క: గొంతు పెంచుతున్నావ్.

తమ్ముడు: నువ్వు కూడా.

(కాసేపు నిశ్శబ్దం)

అక్క: నీళ్ళు తాగు.

తమ్ముడు: అక్కా, నేను ఎస్‌ఎస్‌బీకి మైసూరు వెళ్ళింది నీకు తెలుసు. చివర్లో సీపీఎస్‌ఎస్ ఉంటుంది, పైలట్ పనికి సరిపోతామో లేదో చూసే పరీక్ష. తెర మీద ఒక చుక్క జారిపోతుంటుంది. చేతిలో స్టిక్, కాళ్ళ కింద పెడల్స్. రెంటితో దాన్ని మధ్యలో నిలపాలి. నిలిపేలోపు పక్కన లైటు వెలుగుతుంది, ఏదో మోగుతుంది, వాటికీ స్పందించాలి. నా కుడికాలు బిగుసుకుపోయింది. చుక్క అంచుకి వెళ్ళిపోయింది, మళ్ళీ మధ్యకి తేలేకపోయా. అది జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. పోతే మళ్ళీ లేదు, ఎన్‌డీఏ అయినా ఆఫ్‌క్యాట్ అయినా.

అక్క: పరీక్ష పోయిందని చెప్పావు. కాలి సంగతి చెప్పలేదు.

తమ్ముడు: బెంగళూరు వచ్చి కాచిగూడ రైలెక్కా. పొద్దున దిగేసరికి నాన్న ప్లాట్‌ఫామ్ మీద ఉన్నాడు, ఫ్లాస్క్‌లో టీ పట్టుకుని. ఏమైందని అడగలేదు. బండి మీద ఇంటికి పోతుంటే మధ్యలో ఆపి, "రెండెకరాలున్నాయి కదరా, ప్రైవేటులో నేర్చుకుంటావా? రేపు పోయి ధర అడిగొస్తా" అన్నాడు.

అక్క: నాన్న ఆ మాటన్నాడా?

తమ్ముడు: అన్నాడు. నేను వద్దన్నా. అప్పటికి నీ పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు.

అక్క: ఇన్నేళ్ళూ నాకు ఒక్కరూ చెప్పలేదు.

తమ్ముడు: చెప్తే నువ్వు బాధపడతావని నాన్నే వద్దన్నాడు. ఇప్పుడు చెప్పేశా.

అక్క: ఆ చెలకలోనేగా ఈ ఏడు కంది వేశాడు.

తమ్ముడు: అదే.

(కాసేపు నిశ్శబ్దం)

అక్క: ఎందుకు వద్దన్నావు? అప్పు ఒక్కటేనా?

తమ్ముడు: కాదు. నాకు కావాల్సింది విమానం ఒక్కటే కాదని అప్పుడే తెలిసింది. గండిమైసమ్మ దగ్గర రోడ్డు పక్కన నిలబడి దుండిగల్ నుంచి ఎగిరే పీసీ-7 శిక్షణ విమానాలు చూసేవాణ్ణి, ఎరుపూ తెలుపూ. వాటిలో ఉన్నవాళ్ళలా ఉండాలనుకున్నా. 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ అయింది ఆ దుండిగల్‌లోనే. ఆ వార్త ఎన్నిసార్లు చదివానో. ప్రైవేటు లైసెన్సుతో అది రాదు. అందుకే ఫ్రీ అనే మాట వింటే నాకు కోపమొస్తుంది. దొరకనివాడికి దాని విలువ తెలుస్తుంది.

అక్క: సరేరా. నీ మాట నాకిప్పుడు అర్థమైంది. అయినా నా మాట మార్చుకోను. డబ్బు లేక ఆ దారి పట్టిన పిల్ల కూడా అక్కడికెళ్ళాక నీలాగే అనుకోవచ్చు. మొదటి రోజే ఎందుకొచ్చావని అడగొద్దు.

తమ్ముడు: అది ఒప్పుకుంటా. వెళ్ళనీ. తెలిసి వెళ్ళనీ.

అక్క: అయితే ఆయనకి ఏం చెబుదాం? పొలం ఇప్పుడే అమ్మొద్దని నేనంటాను. అది మెడికల్ తర్వాతి మాట.

తమ్ముడు: మళ్ళీ మెడికల్.

అక్క: వందసార్లయినా అంటాను. ఎయిర్‌ఫోర్స్‌కి ఎత్తు కూడా చూస్తారు కదా?

తమ్ముడు: ఫ్లయింగ్‌కి 162.5 సెంటీమీటర్లు. కూర్చున్నప్పటి ఎత్తు, కాళ్ళ పొడవు కూడా కొలుస్తారు, కాక్‌పిట్‌లో పట్టాలి కదా. ఇంట్లో టేపుతో చూసుకోవచ్చు. అమ్మాయి ఎంపీసీ కాబట్టి లెక్కలు, ఫిజిక్స్ ఉన్నాయి. ఎన్‌డీఏ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, ఇంటర్ చదువుతూనే రాయొచ్చు. అమ్మాయిలని 2022 నుంచి తీసుకుంటున్నారు. 2025 మేలో మొదటి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు పాసవుటయ్యారు. అది రాకపోతే డిగ్రీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరమనండి. చిన్న మైక్రోలైట్ విమానంలో ఎక్కిస్తారు కూడా. సీ సర్టిఫికెట్ ఉంటే ఆఫ్‌క్యాట్ రాయకుండానే ఎస్‌ఎస్‌బీకి వెళ్ళే దారి ఒకటుంది. నేను డిగ్రీలో ఎన్‌సీసీలో చేరలేదు. ఆ తప్పు ఎవరూ చేయొద్దు.

అక్క: చిన్న పిల్లలుంటే కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ళు, కరీంనగర్ దగ్గర రుక్మాపూర్. అవి ఆరో తరగతి సంగతి, ఇంకోసారి మాట్లాడదాం. ఈ అమ్మాయికి వయసు సరిపోతుందా?

తమ్ముడు: పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. ఆయన పుట్టినతేదీ రాయలేదు. సార్, అమ్మాయి పుట్టినతేదీ పంపండి, ఏ పరీక్షకి సరిపోతుందో చూసి చెబుతా.

అక్క: అలాగే వాళ్ళమ్మగారు ఎందుకు వద్దంటున్నారో కూడా రాయమను. అది ఉత్తరంలో లేదు.

తమ్ముడు: అవును, ఆవిడ మాట మనం... బెల్ మోగింది.

అక్క: పాలాయన. గిన్నె తీసుకొస్తా, నువ్వు తలుపు తియ్.