బెర్లిన్‌లో రాజుగారి కల్తీ బంగారం

హాయ్ అండీ, ఇవాళ అమ్మని బెర్లిన్ పాతబస్తీ నికోలాయ్‌ఫియర్టెల్‌కి తీసుకొచ్చాను. ఆదివారం ఇక్కడ షాపులన్నీ మూసేస్తారు కదా, ఇంక చూపించడానికి భవనాలే దిక్కు. ఇదిగో, మూలమీద గుండ్రంగా బంగారు రంగు బాల్కనీలతో ఉంది చూశారా, ఇది ఎఫ్రాయిమ్ ప్యాలెస్. 1766లో పూర్తయింది, 1936లో కూల్చేశారు, దాచిపెట్టిన పాత రాళ్లు తెచ్చి 1987కల్లా మళ్లీ నిలబెట్టారు.

"ఇంత ఇల్లు కట్టాడంటే ఏం చేసేవాడే?" అంది అమ్మ. రాజుకి నాణేలు కొట్టించేవాడమ్మా అన్నాను, ఇంక వదల్లేదు.

ఆ రాజు అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాకి చెందిన ఫ్రెడరిక్, మనం పుస్తకాల్లో చదివిన ఫ్రెడరిక్ ది గ్రేట్. 1756లో పక్కనున్న సాక్సనీ మీద పడ్డాడు. లైప్‌జిగ్ టంకశాల చేతికి చిక్కింది, దాంతోపాటు అక్కడి అచ్చులు కూడా. సాక్సనీ పాలకుడు ఆగస్ట్ బొమ్మతో అగస్ట్ డోర్ అని 5 టాలర్ల (టాలర్ అంటే అక్కడి అప్పటి డబ్బు) బంగారు నాణెం ఉండేది, మంచి పేరున్న నాణెం. ఫ్రెడరిక్ ఏం చేశాడంటే, టంకశాలని ఈ ఇంటాయన ఎఫ్రాయిమ్‌కీ, ఇట్సిగ్ అనే ఇంకో యూదు వ్యాపారికీ కౌలుకిచ్చి, బంగారం తగ్గించి రాగి కలిపి, అదే బొమ్మతో కొట్టించాడు. అంటే కల్తీ తనది, మొహం శత్రువుది! ఆ మిగులుతో సైన్యం ఖర్చులు కొంతవరకు నెట్టుకొచ్చాడు. తర్వాత తన సొంత బొమ్మ ఉన్న నాణేలనీ వదల్లేదు.

జనం ఊరుకుంటారా, సామెతే పుట్టించారు: పైకి అందం, లోపల అధ్వానం, పైన ఫ్రెడరిక్, లోపల ఎఫ్రాయిమ్. అమ్మకి తెలుగులో చెప్పానో లేదో, "పైన పటారం లోన లొటారం" అనేసింది. నిజంగా అదే అండీ! కాకపోతే నాకు నచ్చనిది ఒకటుంది, లాభంలో పెద్ద వాటా రాజుది, తిట్లు మాత్రం యూదు వ్యాపారికి.

"మరి తరుగు ఎవరు భరించారే?" అడిగింది అమ్మ. 1763లో యుద్ధం అయిపోయింది, మరుసటి ఏడాదే మంచి నాణెం మళ్లీ మొదలుపెట్టి, యుద్ధకాలపు నాణేలకి విలువ తగ్గించేశారు. ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే దెబ్బ.

అంతే, అమ్మకి మా ఊళ్లో ఒక షాపులో 916 అని కొన్న గొలుసు గుర్తొచ్చింది, కరిగిస్తే తక్కువ క్యారెట్ తేలింది లెండి. మెట్రో ఎక్కేదాకా ఆ షాపువాణ్ని తిడుతూనే ఉంది.