ఈ పుస్తకం ఎన్నేళ్ల వాళ్లకు?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కడపలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు, వెనక గోడవారగా నిలబడిన తల్లిదండ్రులకు నమస్కారం. పక్క గదిలో గ్రూప్స్‌కు చదువుకుంటూ మా మైకు మోత ఓర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా నమస్కారం. ఈ ప్రసంగంలో మీకూ నాలుగు మాటలున్నాయి, చెవిన వేసుకోండి.

పుస్తకాల బల్ల పెట్టిన ప్రతిచోటా నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "మేడం, మావాడు ఆరో తరగతి. వాడి వయసుకు తగ్గ పుస్తకం చెప్పండి." వయసు సంగతి తర్వాత చూద్దాం, ముందు వాడికి దేని మీద మనసు పోతుందో చెప్పండి అని నేను తిరిగి అడుగుతాను. చాలామంది తల్లిదండ్రులు అక్కడ ఆగిపోతారు. మార్కులు తెలుసు, షూ సైజు తెలుసు. వాడు ఒంటరిగా ఉన్నప్పుడు దేన్ని గురించి ఆలోచిస్తాడో మాత్రం తెలియదు. ఆ సంగతి తెలుసుకోవడం దగ్గరే పుస్తకం వెతకడం మొదలవుతుంది.

అట్ట మీద వేసే వయసు లెక్కలకు అర్థం లేదని నేననను. మనవాళ్లు పిల్లల పుస్తకాలను స్థాయిలుగా విడగొడతారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో అయితే నాలుగు స్థాయిలున్నాయి. తెలుగు కథలు కూడా అందులో ఉచితంగా చదువుకోవచ్చు. మొదటి స్థాయిలో పేజీకి కొద్ది మాటలు, పెద్ద బొమ్మ. పైకి పోయేకొద్దీ వాక్యాలు పెరుగుతాయి, ఒత్తులు పెరుగుతాయి. ఈ స్థాయి చెప్పేది అక్షరాల బరువును గురించి. లోపలున్న కథ ఎవరికి నచ్చుతుందో అది చెప్పలేదు.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ బేతాళ కథలు. విక్రమార్కుడు శ్మశానంలో చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. దారిలో శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెబితే మౌనం పోయి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు దీన్ని శవం కోసం చదువుతాడు. భయంతో దుప్పటి కప్పుకొని మరీ చదువుతాడు. పన్నెండేళ్లకు శవం మీద భయం పోతుంది. జవాబును రాజు కంటే ముందే తను చెప్పాలన్న పట్టుదల వస్తుంది, కింది పేరా మీద చెయ్యి అడ్డం పెట్టుకొని ఆలోచిస్తాడు. నలభై ఏళ్లకు అదే కథ తీస్తే, రాజు ఇచ్చిన తీర్పు న్యాయమేనా అన్న సందేహం పుడుతుంది. ముగ్గురూ చదివింది ఆ మూడు పేజీలే. ఇప్పుడు చెప్పండి, ఆ పుస్తకం ఎన్నేళ్ల వాళ్లకు?

ఇంకొక మాట. బేతాళుడు నీతి చెప్పడు, ప్రశ్న అడుగుతాడు. మనం మాత్రం పిల్లవాడు కథ చదివి తలెత్తగానే "ఇందులో నీతి ఏమిరా?" అంటాం. వాడు ఇంకా ఆ అడవిలోనే ఉంటాడు, రాక్షసుడు ఇంకా పూర్తిగా చావలేదు. అంతలోనే వాణ్ని పరీక్ష హాల్లో కూర్చోబెడతాం. పది కథల తర్వాత పదకొండో కథ వాడు ముట్టుకోడు. పిల్లలకు చదువు మీద ఇష్టం లేదని బాధపడే తల్లిదండ్రులకు చేతులెత్తి చెబుతున్నా, నీతి అడగడం మానేయండి. అడగాలనిపిస్తే, "నీకు ఎవరు నచ్చారు?" అని అడగండి. "ఎందుకు" అని కూడా వద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

బేతాళ కథల పేరెత్తితే చందమామ గుర్తుకొస్తుంది. సంస్కృతంలో ఆ కథలు 25. అవి అయిపోయాక కూడా అదే ఎత్తుగడతో కొత్త కథలు దశాబ్దాల పాటు ఆ పత్రికలో వస్తూనే ఉండేవి. దాన్ని చక్రపాణితో కలిసి 1947 జూలైలో మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవాడు. ఇది ఊరి అభిమానంతో చెబుతున్న మాట మాత్రమే అనుకోకండి. ఈ ఒక్క పత్రికను పట్టుకొని ఎంత దూరం పోవచ్చో చూపిస్తాను, నాతో రండి.

1952 నుంచి 1980లో చనిపోయేదాకా మద్రాసులో చందమామను నడిపించిన సంపాదకుడు తెనాలివాడు కొడవటిగంటి కుటుంబరావు. ఆయనే పెద్దల కోసం కథలూ నవలలూ రాశాడు. మధ్యతరగతి ఇళ్లలో డబ్బు, పెళ్లి, పరువు ఎట్లా పనిచేస్తాయో విప్పి చూపాడు. ఆయన వచనంలో అలంకారాలుండవు, వాక్యం పొట్టిగా, సూటిగా ఉంటుంది. అందుకే పాత చందమామలు చదివి వాటి వాక్యానికి అలవాటుపడ్డ పద్నాలుగేళ్ల అమ్మాయి ఆయన పెద్దల కథల్లోకి సులువుగా అడుగుపెట్టగలదు. మాటలన్నీ ముందే పరిచయం, కొత్తగా ఎదురయ్యేది మనుషుల లోపలి సంగతులు. ఆమె చేతికి "చదువు" నవల ఇచ్చి చూడండి. బడికి పోయే పిల్లవాడి కథ కాబట్టి ఆమె పట్టుకుంటుంది. చుట్టూ మారుతున్న దేశం ఆమెకు తెలియకుండానే లోపలికి పోతుంది.

ఆ కుటుంబరావు రచనలన్నిటినీ సంపుటాలుగా కూర్చిన సంపాదకుడు ఎవరు? మళ్లీ మన జిల్లా మనిషే, కేతు విశ్వనాథరెడ్డి. ఆయన సొంత కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. మన కరువు, మన కక్షలు, ఊరొదిలిపోయే మన రైతులు, అన్నీ అందులో ఉన్నాయి. నాగిరెడ్డితో కడపలో బయలుదేరి మద్రాసు, తెనాలి చుట్టి మళ్లీ కడపకే వచ్చాం. ఇట్లా ఒక పుస్తకం వెనకున్న మనిషిని పట్టుకొని ఇంకో పుస్తకం దగ్గరికి పోవడమే నాకు తెలిసిన దారుల్లో మంచిది. పట్టీలు, "తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు" నాకు పెద్దగా పనికిరాలేదు. పట్టీలో ఒక పుస్తకానికీ పక్క పుస్తకానికీ చుట్టరికం ఉండదు.

చుట్టరికం మనిషిదే కానక్కరలేదు. ఊరిది కావచ్చు, పనిది కావచ్చు. మా బడిలో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడుండేవాడు. వాళ్లింట్లో గొర్రెల మంద. లైబ్రరీ పీరియడ్‌లో కిటికీ పక్కన కూర్చొని బయటికి చూసేవాడు, ఏ పుస్తకం ఇచ్చినా రెండు పేజీలు తిప్పి బల్ల మీద పెట్టేవాడు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి "కొండపొలం" మా అలమరాకు వచ్చినప్పుడు అది వాడి చేతికే ముందిచ్చాను. కరువుకు తాళలేక మందల్ని నల్లమలకు తోలుకుపోయిన కాపరుల నవల అది, మన జిల్లా రచయితది. పెద్దల నవల, మందంగా ఉంటుంది, వాడికి చదవడం కూడా అంతంతమాత్రం. మూడోనాడు పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మేడం, మా నాయన గూడా ఇట్లనే అడవికి పోయినాడంట. రాత్రి సదివి ఇనిపిస్తాంటే, ఇది నిజమే, ఇది నిజమే అంటాండాడు" అన్నాడు. నాయనకు చదువు రాదు. కొడుకు తడబడుతూ చదవడం, తండ్రి మధ్యలో ఆపి తను చూసిన అడవిని చెప్పడం, అట్లా ఆ ఇంట్లో నవల నడిచింది. వాడి వయసు చూసి పుస్తకం ఎంచి ఉంటే కుందేలు, తాబేలు కథ ఇచ్చేదాన్ని.

అట్లాగే అనంతపురం వైపు చరిత్ర మీద మనసుండేవాళ్లు బండి నారాయణస్వామి గారి "శప్తభూమి" పట్టుకోండి. 2019లో అకాడెమీ బహుమతి వచ్చిన నవల. రాజుల వరుసలు, యుద్ధాల తేదీలు బట్టీపట్టి విసిగిపోయినవాళ్లకు, ఆ కాలంలో మామూలు జనం ఎట్లా బతికారో ఇందులో తెలుస్తుంది. పక్క గదిలో చరిత్ర పేపరుకు చదువుతున్న చెల్లెళ్లూ, మీకు చెబుతానన్న మాట ఇదే. రోజూ పడుకునే ముందు ఒక అరగంట ఇట్లాంటి నవలకివ్వండి. ఆ అరగంట మీ పరీక్షకు నష్టం చెయ్యదు.

డిటెక్టివ్ నవలల గురించి పెద్దమనుషులు మూతి ముడుస్తారు. నేను ఒప్పుకోను. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కోసం, మధుబాబు షాడో కోసం అద్దె పుస్తకాల షాపు ముందు నిలబడ్డ తరం తెలుగు చదవడం మానలేదు. పేజీ తిప్పించే గుణం చిన్నదేమీ కాదు. గంభీరంగా రాసేవాళ్లు కూడా అది నేర్చుకోవాల్సిందే.

సైన్సు మీద మనసున్న పిల్లలకు మహీధర నళినీమోహన్ పుస్తకాలు వెతికివ్వండి. "కేలండర్ కథ" ఒకటి చాలు, తారీఖు అనేది ఎక్కడినుంచి వచ్చిందో చెబుతూ ఆకాశం దాకా తీసుకుపోతాడు. కథలంటే గిట్టని పిల్లలుంటారు, అది తప్పేమీ కాదు. వాళ్లకు కథే చదవమని బలవంతం చెయ్యొద్దు. పాముల మీద పుస్తకం, రైలింజన్ల మీద పుస్తకం, క్రికెటర్ జీవిత చరిత్ర, అన్నీ చదువే.

అనువాదాల దగ్గర ఒక జాగ్రత్త. మన జిల్లావాడే రాచమల్లు రామచంద్రారెడ్డి, మనం రారా అని పిలుచుకునే విమర్శకుడు, మాస్కోకు పోయి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశాడు. అనువాదంలో ఎదురయ్యే చిక్కుల మీద ఆయన రాసిన "అనువాద సమస్యలు"కు 1988లో అకాడెమీ బహుమతి వచ్చింది. కాబట్టి ఏ ప్రపంచ ప్రసిద్ధ నవలో తెలుగులో తెరిచి, వాక్యం ముందుకు నడవక, తమకే అంత తెలివి లేదేమోనని మూసేసేవాళ్లకు చెబుతున్నా. మీ తెలివికి ఏమీ కాలేదు. తెలుగు చెయ్యడంలో లోపం ఉండొచ్చు. ఇంకొకరి అనువాదం ఉందేమో వెతకండి, లేకపోతే ఇంకో పుస్తకం తీసుకోండి. "రైలుబడి" లాంటి చక్కని తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. జపాన్‌లో రైలు పెట్టెల్లో నడిచిన బడి గురించి ఒక పాప అనుభవాలు అవి. పిల్లలు నవ్వుకుంటూ చదువుతారు. టీచర్లు చదివితే మర్నాడు క్లాసులో గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఇప్పుడు వయసు లెక్కను రెండో వైపు నుంచి చూద్దాం. పెద్దవాళ్లు పిల్లల పుస్తకాలు చదవడం. ఒక అవ్వ మనవరాలిని పిలుచుకొని మా పుస్తకాల బల్ల దగ్గరికి వచ్చింది. వయోజన విద్యలో సంతకం, కొంచెం చదవడం నేర్చుకున్న మనిషి. పేపరులో అక్షరాలు చిన్నవని, వాక్యం పూర్తయ్యేలోపల మొదలు మరిచిపోతానని చెప్పింది. మనవరాలు పెద్ద పుస్తకాల వైపు పోయింది. అవ్వ మాత్రం బొమ్మల పుస్తకం ఒకటి తీసి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. ఒత్తు వచ్చిన చోట వేలు ఆగుతుంది, రెండోసారి పలుకుతుంది, మళ్లీ కదులుతుంది. ఆఖరి పేజీలో మేకపిల్ల ఇల్లు చేరగానే తలెత్తి, "ఈ అచ్చరాలైతే నాకు బాగా కనపడతాండాయమ్మా. ఇట్లాంటివి ఇంకా ఉండాయా?" అనింది. ఆ మనిషికి 65 ఏళ్లుంటాయి. బొమ్మల పుస్తకం అట్ట మీద మాత్రం 4 నుంచి 6 ఏళ్లు అని ఉంది.

కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమంతో పాటు వయోజన విద్యను కూడా ఎందుకు భుజాన వేసుకున్నాడో ఆ అవ్వను చూస్తే నాకు అర్థమవుతుంది. గ్రంథాలయం కట్టినంత మాత్రాన సరిపోదు, లోపలికి వచ్చిన ప్రతి మనిషికీ తను చదవగలిగిన పుస్తకం దొరకాలి. ఇక్కడున్న గ్రంథపాలకులకు నా విన్నపం ఒక్కటే. పిల్లల గదిలోకి పెద్దలను కూడా రానివ్వండి. బొమ్మల పుస్తకం అడగడానికి ఏ అవ్వా, ఏ తాతా సిగ్గుపడాల్సిన పని లేకుండా చూడండి.

ఇక ఎంచుకోవడం ఎట్లా అంటారా? అట్ట వెనక రాసిన పొగడ్తలు చదవొద్దు. పుస్తకాన్ని నడిమధ్యలో తెరిచి ఒక పేజీ నిలబడే చదవండి. మొదటి పేజీని ఏ రచయితైనా ముస్తాబు చేస్తాడు, నూరో పేజీలో అసలు గొంతు వినిపిస్తుంది. ఆ పేజీ చివర పక్క పేజీలోకి చూపు దానంతటది పోతే, ఇంటికి తీసుకుపోండి. ఎప్పుడూ రెండు తీసుకోండి. ఒకటి మీకు నచ్చుతుందని తెలిసిన రకం, ఇంకొకటి మీరు ఎన్నడూ ముట్టని రకం. రెండోది నచ్చకపోతే సగంలో వాపసు ఇచ్చేయండి. పుస్తకం మొదలుపెడితే ముగించాలన్న నియమం మాత్రం పిల్లల మీద పెట్టొద్దు. నచ్చని పుస్తకంతో నెల రోజులు కుస్తీ పట్టిన పిల్లవాడు, ఆ నెలలో నచ్చే పుస్తకాలు ఎన్నో పోగొట్టుకుంటాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఈ అలమరాల్లో పుస్తకాలకు మీరు ముందే డబ్బు కట్టారు. మీకు కావలసిన పుస్తకం ఇక్కడ లేకపోతే అడిగే హక్కు మీకుంది. నోటితో చెప్పి పోకుండా పుస్తకం పేరు, రచయిత పేరు కాగితం మీద రాసి ఇవ్వండి. పిల్లలు కూడా రాసి ఇవ్వొచ్చు.

ఆ బల్లల మీద ఉన్న పుస్తకాలను తరగతుల ప్రకారం సర్దవద్దని పొద్దున్నే అడిగాను. అన్నీ కలిసే ఉన్నాయి. పిల్లలు ముందు లేచి పోండి. తల్లిదండ్రులు ఒక పది నిమిషాలు ఇక్కడే ఉండండి, వాళ్ల వెనక నిలబడి "అది వద్దు, ఇది తీసుకో" అనకండి. తర్వాత మీరు కూడా వెళ్లి మీ కోసం ఒకటి తీసుకోండి. సభ్యత్వం కాగితాలు ఎడమ వైపు కౌంటరులో ఇస్తున్నారు. నమస్కారం.